బ్రేకు మాస్టారి నామోషీ

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ల పక్కన, గురువుగారి కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది చూడండి, ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని ఇరవై ఆరేళ్లు కూర్చున్న మనిషి. అందుకే చిన్నా పెద్దా అందరూ బ్రేకు మాస్టారనే పిలిచేవారు. కట్టుకున్న భార్య కూడా ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే "మాస్టారు భోంచేస్తున్నారు" అనేది తప్ప మా ఆయన అనేది కాదు.

కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజు ఆయన నల్లబల్ల ముందు నిలబడి ఒకే పాఠం చెప్పేవాడు. "రోడ్డు మీద మూడు రకాలుంటాయి, రాసుకోండి. పెద్ద బళ్లు, చిన్న బళ్లు, అడ్డాలు." ఎవరో ఒక అమాయకుడు లేచి, అడ్డాలంటే గోతులా మాస్టారూ అని అడిగేవాడు. "గోతులు నయం నాయనా, ఉన్నచోట ఉంటాయి. అడ్డాలంటే నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు. భూమిలోంచి మొలుస్తారు వెధవలు, ఎప్పుడు మొలుస్తారో వాళ్లకే తెలీదు." క్లాసు గొల్లుమనేది. ఇరవై ఆరేళ్లూ ఆ మాటకు నవ్వనివాడు లేడు. అక్కడ కూర్చున్న ప్రతివాడూ ఆ పూట స్కూలుకి నడిచో సైకిలు మీదో వచ్చినవాడే, అయినా నవ్వేవాడు. రేపటినుంచి తను అడ్డం కాదు కదా, అదీ సంబరం!

మాస్టారికి నడకంటే అంత మంట ఎందుకంటే, ఆయన తండ్రి ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. ముప్పై ఏళ్లు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు. సాయంత్రం ఇంటికొచ్చి వేణ్నీళ్ల బక్కెట్లో పాదాలు పెట్టుకుని, అమ్మయ్య అని కళ్లు మూసుకునేవాడు. ఆ పాదాల పగుళ్లు చూసి కొడుక్కి జాలి కలగలేదు, రోత పుట్టింది. బళ్లో స్నేహితుడొకడు "మీ నాన్న నిన్న మా ఇంటికొచ్చాడ్రా, దుమ్ము కాళ్లతో లోపలికి రావద్దని మా అమ్మ గుమ్మం దగ్గరే ఆపేసింది" అన్నప్పుడు ఆ పిల్లవాడికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నట్టే, లైసెన్సు చేతికొచ్చాక వీధి చివర కొట్లో బ్లేడు కొనుక్కోవాలన్నా కారు తీసేవాడు. కారు బయటికి తీసి, తిప్పి, మళ్లీ లోపల పెట్టేలోపు నాలుగుసార్లు పోయి రావచ్చు. పోనివ్వండి, నామోషీ ఉన్న మనిషి.

ఆయనకు యాభై రెండు వచ్చిన సంవత్సరంలో ఒక పొద్దున్న, ఒంటరిగా కారు నడుపుకుంటూ ఒక స్టూడెంటును ఎక్కించుకోవడానికి వెళుతూ, పెద్ద రోడ్డు మీదనుంచి ఎడమ పక్క సందులోకి తిప్పాడు. ధడేల్మంది. దిగి చూస్తే సైకిలొకటి బంపరు కింద నలిగి ఉంది. దాని పక్కన ఒకావిడ. కుడి కాలు మోకాలి కింద ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది.

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పని చేసే మనిషి. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, ఆరున్నర షిఫ్టుకి సైకిలు మీద వెళ్లేది. పడిపోయి కూడా, "నేను తిన్నగానే పోతున్నానండీ, నా అంచున నేను పోతున్నాను" అని రెండుసార్లు అంది. ఎవరు వింటారు? చుట్టూ జనం మూగారు, పాలబూత్ వాడు, పేపర్లవాడు, బళ్లు ఆపుకుని దిగిన ఇద్దరు పెద్దమనుషులు. అందరూ కలిసి ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేశారు.

"అయినా ఆడదానికి ఈ రోడ్డు మీద సైకిలెందుకమ్మా? బస్సుల్లేవూ?"

"మాస్టారు నడుపుతుంటే తప్పెలా జరుగుతుందండీ? ఇదే వచ్చి పడుంటుంది."

"పొద్దున్నే ఎవరి మొహం చూశారో పాపం మాస్టారు. బంపరు చూడండి ఎలా సొట్టపోయిందో!"

కాలు విరిగింది ఆవిడది, పాపం మాత్రం మాస్టారు. స్టేషన్లో రాసుకునే కానిస్టేబులు కూడా ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడిగి రాసుకున్నాడు. సైకిలు మనిషి అకస్మాత్తుగా అడ్డం వచ్చింది. మాస్టారు సంతకం పెట్టాడు. అబద్ధమని తెలిసి పెట్టలేదు. ఆయనకు నిజంగానే ఆవిడ అకస్మాత్తుగా వచ్చినట్టుంది. ఐదారేళ్లుగా అందరూ అలాగే వస్తున్నారు ఆయనకు.

మూడు నెలలు గడిచాయి. ఇంట్లో కంచం పక్కన పెట్టిన గ్లాసు రోజుకోసారి ఒలికేది. తలుపు రెక్క భుజానికి కొట్టుకునేది. భార్య విసుక్కుని, చివరికి బలవంతం మీద కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. గడ్డం ఆనించి కూర్చునే గిన్నెలాంటి యంత్రం ఒకటి ఉంటుంది అక్కడ. లోపల చుక్కల్లాంటి దీపాలు అక్కడోటి ఇక్కడోటి వెలుగుతాయి, కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. మాస్టారు శ్రద్ధగా కూర్చుని పది నిమిషాల్లో ఎనిమిదిసార్లు నొక్కాడు. వెలిగినవి అరవై పైచిలుకు.

డాక్టరు కాగితం మీద నల్లటి వలయం చూపించింది. "నీటికాసులండీ. మీరు లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నారు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కలు పోయాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. బండి మాత్రం ఇక ముట్టుకోకూడదు."

"అదేంటమ్మా! నాకు తెలియకుండా ఎలా పోతుంది?"

"రోడ్డు మీద మనుషులు ఉన్నట్టుండి ఎదురుగా ప్రత్యక్షమవుతున్నారని ఎప్పుడూ అనిపించలేదా?"

"అందరికీ అంతేగా?" అన్నాడు మాస్టారు. "నడిచేవాళ్లు భూమిలోంచి మొలుస్తారని అందరూ అంటారు."

"అందరూ అంటారు. నేనూ అంటాను. అందుకే మీకు జబ్బుందని ఎవరూ కనిపెట్టలేదు. ఎన్నాళ్లయిందో ఖాయంగా చెప్పలేను కానీ, ఇది ఒక ఏడాదిలో వచ్చే ముదురు కాదు."

అంచున తిన్నగా పోతున్నానండీ అన్న గొంతు మాస్టారి చెవిలో గింగురుమంది. పక్కన కూర్చున్న భార్య ఆయన మొహం చూసింది. ఆవిడ తెలివైనది, వెంటనే అర్థమైపోయింది. బయటికి రాగానే చెయ్యి పట్టుకుని ఆపి, "ఎవరికీ చెప్పకండి" అంది.

పోలీసులకా అనుకున్నాడు మాస్టారు. కాదట.

"వీధిలో. మీరు బండి నడపలేరని తెలిస్తే ఎంత లోకువ! రేపటినుంచి సంచీ పట్టుకుని నడుచుకుంటూ పోవాలి మీరు. నావల్ల కాదు చూడ్డం."

ఆ మాట మాస్టారి మనసులో మాటే. ఒకావిడ కాలు విరగ్గొట్టి, తప్పు ఆవిడ నెత్తినే రుద్దిన సంగతి అప్పుడే తెలిసిన మనిషికి, అన్నిటికంటే ముందు గుండె జారింది దేనికండీ? నలుగురిలో నడవాల్సి వస్తుందని. నేను కల్పించి చెప్పడం లేదు, ఆయనే తరవాత ఒప్పుకున్నాడు.

ఇక మొగుడూ పెళ్లాం కలిసి ఆడిన నాటకం చూడాలి. స్కూలు ఓనరుకి నడుం నొప్పని చెప్పి, కారెక్కకుండా నల్లబల్ల పాఠాలకు మారాడు. స్కూలుకి పోవడం ఎలా? భార్య తన తమ్ముణ్ని పిలిపించింది. అతను పదేళ్లుగా లారీ ఏజెన్సీలో బళ్లు నడిపినవాడు. కారుకి ముందొకటి వెనకొకటి ఎర్ర 'ఎల్' అక్షరం బోర్డులు తగిలించి, పొద్దున్నే అతను స్టీరింగు ముందు, మాస్టారు పక్కన. "మా తమ్ముడికి నేర్పుతున్నారు" అని భార్య వీధికంతా వినబడేలా చెప్పేది. వీధి మలుపు తిరిగేదాకా ఆ బావమరిది కావాలని గేరు కరకరలాడించాలి, రెండుసార్లు బండి ఆపేయాలి. మాస్టారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కేకలెయ్యాలి.

"ఇంకెన్నాళ్లు బావా ఈ కోతి వేషం?" అన్నాడు నెల తిరిగేసరికి. "మొన్న మా ఏజెన్సీవాడు నన్ను చూసి, లైసెన్సు పోయిందా అని అడిగాడు. నా పరువు తీస్తున్నారు మీరు." మర్నాడు బోర్డులు విప్పి గుమ్మంలో పెట్టి పోయాడు.

ఆ తరవాత ఇక నడకే. పెరటి తలుపు తీసుకుని, మురుగు కాలవ పక్క సందులోంచి, దొంగలా. కారు మాత్రం ఇంటి ముందు తళతళలాడుతూ ఉండేది. రోజూ కడిగేది భార్య. సందులో ఎవరైనా ఎదురైతే చచ్చేంత చావు. "అయ్యో మాస్టారూ, నడుస్తున్నారేంటి? ఒంట్లో బాగాలేదా?" అని స్కూటర్లు ఆగేవి. నడుస్తున్నాడంటే బండైనా చెడి ఉండాలి, మనిషైనా చెడి ఉండాలి, అదీ ఊరి లెక్క. డాక్టరు రోజుకి గంట నడవమంది అని ఒకరికి, మొక్కు అని ఒకరికి చెప్పాడు. మొక్కని విన్నవాడు దండం పెట్టి పోయాడు. ఊరికే పనికి పోతూ నడుస్తున్నానంటే మాత్రం నమ్మేవాడు లేడు.

డాక్టరుకి చూపించుకున్నాక గడిచిన మూడు నెలల్లో ఆయన స్టేషను ముందునుంచి ఎన్నిసార్లు పోలేదు! సందు దాటితే స్టేషనే. డాక్టరు కాగితం జేబులోనే ఉండేది. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను. చెబితే లైసెన్సు లాక్కుంటారు, పేపరువాడు రాస్తాడు, ఊరంతా కోడై కూస్తుంది, పెరటి తలుపు మూసి వీధి తలుపులోంచి నడవాలి. రేపు చూద్దాంలే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వీధి గుమ్మం ముందు టక్ టక్ మని చప్పుడైంది. చంకలో కర్ర పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. బస్సు దిగి అంత దూరం వచ్చినట్టుంది, మొహం చెమటతో తడిసిపోయింది.

"నేనండీ సార్. ఆ రోజు మీ కారుకి అడ్డం వచ్చినదాన్ని."

అలా పరిచయం చేసుకుంది తనని. కూరలు తరుగుతున్న భార్య లేచి స్టూలు వేసి, నీళ్లిచ్చింది. ఆవిడ కాలు చాపుకుని, చాపినందుకు ఏమీ అనుకోకండి అని, చెప్పడం మొదలుపెట్టింది.

"తప్పు నాదేనండీ, కాదనను. మొదట్లో నేను తిన్నగానే పోతున్నాననుకున్నాను. కానీ ఇంతమంది చెబుతుంటే నేనే పక్కకి లాగుంటాను. మా ఆయన కూడా అదే తిట్టు, నీ చూపెక్కడ తగలబెట్టావే అని. నిద్రలో కూడా అదే ఆలోచనండీ, ఎందుకు లాగానా, ఎటు చూస్తున్నానా అని. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు."

ఒక గుక్క నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకుంది.

"రెండోసారి ఆపరేషన్ కూడా అయిందండీ. ఇక నిలబడే పని చెయ్యలేనని తేల్చేశారు. లాండ్రీలో దుప్పట్లు యంత్రంలోకి ఎక్కించే పని నాది, పొద్దస్తమానం నిలబడాలి. అయితే అక్కడొక పద్ధతుంది. పనికొస్తూ దారిలో దెబ్బ తగిలి, తప్పు మనది కాకపోతే, చిరుగుల గదిలో కుర్చీ ఇస్తారు. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు కూర్చుని కుట్టే పని. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. తప్పు మనదైతే మటుకు ఇంటికి పంపేస్తారు. పోలీసు కాగితం నెల కిందట ఆసుపత్రికి చేరింది. అందులో నాదే తప్పని ఉంది. మంగళవారం విచారణ."

గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. "పుణ్యం కట్టుకోండి సార్. నాకోసం ఒక్క అబద్ధం ఆడండి. పూర్తిగా ఆమెది తప్పు కాదు, నేనూ కాస్త చూసుకోవాల్సింది అని ఒక్క ముక్క. మీ మాటంటే అక్కడ అందరికీ గురి. కుర్చీ పోతే నన్ను ఇంట్లో కూడా ఉండనివ్వడండీ మా ఆయన. కుంటిదాన్ని కూర్చోబెట్టి మేపలేనని చెప్పేశాడు."

"చూస్తాను" అన్నాడు మాస్టారు. అంతే అన్నాడు. ఎదురుగా నిజం నడుచుకుంటూ వచ్చి, అబద్ధం ఆడమని దండం పెడుతుంటే, చూస్తానట!

ఆవిడ కర్ర చప్పుడు దూరమయ్యాక భార్య అడిగింది. "ఏం చూస్తారు?"

"చెప్పేస్తాను."

"చెప్పండి. బుధవారం నుంచి ఈ వీధిలో పట్టపగలు సంచీ పట్టుకుని నడవండి. మీరు తిట్టిన వాళ్లందరూ అరుగుల మీద కూర్చుని చూస్తారు. ఉండగలరా?" అంది. ఆ అనడంలో కోపం లేదు, భయం ఉంది.

అయినా మంగళవారం పొద్దున్న తెల్ల చొక్కా వేసుకుని, డాక్టరు కాగితం జేబులో పెట్టుకుని, వీధి తలుపే తీశాడు. ఆవిడ అడిగిన అబద్ధమే ఆయన్ని రెండు రోజులు తినేసింది. భార్య కనీసం టాక్సీ పిలుస్తానంది. వద్దన్నాడు. నడిచే పోతానన్నాడు. అదొక ప్రాయశ్చిత్తమనుకున్నాడు పిచ్చి మారాజు. రెండు మైళ్లు నడిస్తే ఒక కాలు చెల్లిపోతుందనుకున్నాడు కాబోలు.

ఎదురింటాయన పేపరు దించి చూశాడు. "మాస్టారూ, కారేదీ?" "ఇంట్లో ఉంది." "మరి?" "నడుస్తున్నాను." ఆయన నవ్వి, లోపలికి తిరిగి పెళ్లాన్ని కేకేశాడు, రా రా ఇది చూడు అని. మలుపు తిరిగేసరికి నాలుగు గుమ్మాల్లో మనుషులు లేచి నిలబడ్డారు. మాస్టారి చెవులు కాలిపోయాయి.

వీధి వరకు నయమే. పెద్ద రోడ్డు దగ్గర తెలిసొచ్చింది. దాటాలంటే ఎదురుగా ఒక్కటే కనబడుతోంది, రెండు పక్కలనుంచీ వచ్చేవి మొహం మీదికి వచ్చేదాకా లేవు. అడుగు వేస్తే హారను, వెనక్కి వేస్తే హారను. ఒక కారు చొక్కా రాసుకుంటూ పోయింది. అద్దంలోంచి గొంతొకటి, "ఏయ్ పెద్దాయనా, అడ్డం తప్పుకో!" అంది. ఆ గొంతు తన క్లాసులో కూర్చున్నదేనని ఆయనకు అనుమానం. పావుగంట నిలబడ్డాక కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న ఒక ముసలావిడ మోచెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ దాటించింది. అవతల దింపి, "కళ్లు కనబడవా నాయనా?" అని కసిరింది.

"కనబడవమ్మా" అన్నాడు మాస్టారు. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆ ధైర్యంతోనే మిగిలిన దారంతా నడిచాడు.

ఆసుపత్రి మేడ మీద, పొడుగాటి బల్లకి అటు ముగ్గురు కూర్చున్నారు. పరిపాలనాధికారి, మేట్రనమ్మ, స్టోర్సు అధికారి. ఇటు ఆవిడ, కర్ర గోడకి ఆనించి. మాస్టారు రొప్పుతూ లోపలికి రాగానే పరిపాలనాధికారి కుర్చీలోంచి లేచాడు. "రండి రండి గురువుగారూ! నేను మీ శిష్యుణ్నే, గుర్తున్నానా? రివర్సు రాక మీ చేత మొట్టికాయలు తిన్నాను." మేట్రనమ్మ కూడా నవ్వింది, ఆవిడా ఆ బడిలోదే.

మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "తప్పు నాది. ఆమె తన అంచున తిన్నగా పోతోంది. నాకు పక్క చూపు లేదు. నేను ఆమెను చూడలేదు. ఇదిగో డాక్టరు కాగితం."

ఆవిడ తలెత్తి చూసింది. అబద్ధం ఒక్క ముక్క అడిగితే ఇంత పెద్దది ఆడుతున్నాడేమిటా అన్నట్టు చూసింది.

స్టోర్సు అధికారి కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇది ప్రమాదం జరిగిన మూడు నెలలకి తీసిన పరీక్షండీ."

"అంతకుముందునుంచే ఉందని డాక్టరు చెప్పింది."

"కాగితంలో అది లేదే. పోనీ, ఇది తెలిసీ మూడు నెలలైంది కదా? మరి అప్పుడే స్టేషనుకి వెళ్లి చెప్పలేదేం? పోలీసు కాగితం ఇక్కడికి వచ్చి నెలేగా అయింది. ఈలోపు మార్పించేవారు కదా."

"సిగ్గేసింది."

"దేనికి?"

"బండి లేకుండా నలుగురిలో నడవాల్సి వస్తుందని."

ముందు మేట్రనమ్మ కిసుక్కుమంది. తరవాత ముగ్గురూ నవ్వేశారు. మంచి హాస్యమే పండించాడనుకున్నారు. పరిపాలనాధికారి కళ్లు తుడుచుకుని, బల్ల మీదినుంచి వంగి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "గురువుగారూ, మీ మనసు మాకు తెలీదా? ఆవిడ మీ ఇంటికొచ్చి ఏడ్చిందని విన్నాం. జాలిపడి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇంత పని? కానీ మేమూ రోజూ బళ్లు నడుపుతున్నాం కదా. ఇవాళ పొద్దున్నే ఒక సైకిలువాడు, ఎక్కణ్నించి వచ్చాడో తెలీదు, సరిగ్గా నా ముందు! నాకూ పక్క చూపు లేదంటారా?"

"నిజం చెబుతున్నానయ్యా! నాకు కనబడలేదు!" మాస్టారి గొంతు పగిలింది. "ఆమె ఏ తప్పూ చెయ్యలేదు!"

"అబ్బ, చూడండి ఎలా కుమిలిపోతున్నారో" అంది మేట్రనమ్మ, ఆవిడ వైపు తిరిగి. "నీవల్ల పెద్దాయనకి ఎంత క్షోభ! ఇంకెప్పుడూ ఇలా ఇళ్ల మీదికి పోయి పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టకు."

నిర్ణయం రాయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ప్రమాదానికి కారణం కార్మికురాలి అజాగ్రత్త. కుర్చీ ఇవ్వడానికి వీల్లేదు. చివర్న ఒక వాక్యం అదనంగా, మాస్టారి ఔదార్యాన్ని సంఘం కొనియాడుతోంది. చదివి వినిపించారు కూడా. ఆవిడ వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది, గుండ్రటి అక్షరాలతో.

వరండాలో మెట్ల దగ్గర మాస్టారు ఆవిడను కలుసుకున్నాడు. ఆవిడే ముందు అడిగింది.

"మీరు లోపల చెప్పింది నిజమేనా సార్?"

"నిజమే అమ్మా."

"నేను తిన్నగానే పోతున్నానా?"

"తిన్నగానే పోతున్నావు."

సంతోషమో ఏమిటో ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి వచ్చి పోయింది. ఆరు నెలలనుంచి తనని తను తిట్టుకుంటున్న మనిషి కదా. తరవాత లెక్క తెలిసింది.

"మూడు నెలలు తెలిసి ఊరుకున్నారా? ఆదివారం మీ గుమ్మంలో నేను దండం పెట్టి తప్పు నాదేనని చెబుతుంటే, విన్నారా?"

మాస్టారు తల వంచుకున్నాడు.

"నడవాల్సి వస్తుందని." ఆ మాటను ఆవిడ అరవకుండా, నెమ్మదిగా, అర్థం చేసుకోవడానికన్నట్టు అంది. "మీరు నాలుగడుగులు నడవాల్సి వస్తుందని నా కుర్చీ పోయింది. వాళ్లకైతే నవ్వొచ్చింది సార్. నాకు రావడం లేదు."

"నన్ను క్షమించు తల్లీ. నేను మళ్లీ స్టేషనుకి వెళతాను, పైవాళ్లకి రాస్తాను."

"వద్దు. మీరు ఎంత చెబితే అంత మంచివారైపోతారు. నాకు అక్కర్లేదు." కర్ర చంకలో సర్దుకుంది. ఆయన చెయ్యి అందించబోతే, "ముట్టుకోకండి" అంది. ఒక్కో మెట్టూ ముందు కర్ర, తరవాత ఎడమ కాలు, తరవాత ఈడ్చుకుంటూ కుడి కాలు, పన్నెండు మెట్లూ దిగింది.

మాస్టారు కిందికి వచ్చేసరికి పోర్టికోలో కారు ఆగి ఉంది. పరిపాలనాధికారి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఈ ఎండలో నడుస్తారా గురువుగారూ? మీరు నడిచి వచ్చారని గేటువాడు చెబితే నాకు ప్రాణం ఉసూరుమంది. ఎక్కండి, ఇంటి ముందు దింపుతాను."

మాస్టారు గేటు వైపు చూశాడు. అవతల ఆ రోడ్డు, ఆ హారన్లు. అది దాటితే వీధి, నాలుగు గుమ్మాల్లో లేచి నిలబడ్డ మనుషులు. ఇంటి ముందు పరిపాలనాధికారి కారులోంచి దిగితే వాళ్లు మళ్లీ నమస్కారం పెడతారు. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు ఎంతసేపో పట్టలేదు.

ఎక్కి కూర్చున్నాడు.

గేటు దారి ఇరుకు. కారు రెండుసార్లు హారను కొట్టింది. ఎడమ పక్క ఎవరో గోడకి ఒత్తుకుని, కర్ర లోపలికి లాక్కుని దారి ఇచ్చారు. తల తిప్పితే మాస్టారికి కనబడేదే. ఆయన తిప్పలేదు.